స్పానిష్‌లో ఈ "మె, తె, సె" ఎందుకు? ఇంగ్లీషును పక్కన పెట్టి చూడండి

"మె లెబంతో" అంటే "నన్ను నేను లేపుకుంటాను" అని యాప్ చెబుతోంది, పొద్దున మంచం దిగడానికి కూడా "నన్ను నేను" ఎందుకండీ, అని మీరు అడిగారు. నేనూ అక్కడే ఆరు నెలలు ఇరుక్కుపోయాను. చిక్కంతా మధ్యలో కూర్చున్న ఇంగ్లీషుది. మనం స్పానిష్‌ని ఇంగ్లీషులోకి, దాన్ని మళ్ళీ తెలుగులోకి మార్చుకుని అర్థం చేసుకోవాలని చూస్తున్నాం. ఆ మధ్య మెట్టు తీసేస్తే సగం పని అయిపోతుంది.

నాకు ఇది తెలిసింది మెక్సికోలో, గ్వాదలహారాలో. ప్రాజెక్టు పని మీద వెళ్ళి ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఒక రాత్రి భోజనం అయ్యాక, వచ్చిన నాలుగు ముక్కల స్పానిష్‌లో "బోయ్ ఆ అకోస్తార్" అన్నాను, పడుకోవడానికి వెళ్తున్నానని చెప్పానన్న ధీమాతో. ఆవిడ ప్లేటు తుడుస్తూ ఆగి, "ఆ కియేన్, మీహో?" అంది. "ఎవర్ని, నాయనా?" అని. నాకు అర్థం కాలేదు. ఆవిడ రెండు చేతుల్లో పసిపిల్లని ఊపుతున్నట్టు చేసి చూపించింది. అప్పుడు వెలిగింది: నేను అన్నది "పడుకోబెట్టడానికి వెళ్తున్నా" అని!

అకోస్తార్ అంటే పడుకోబెట్టడం, అకోస్తార్సె అంటే పడుకోవడం. సెంతార్ కూర్చోబెట్టడం, సెంతార్సె కూర్చోవడం. లబార్ కడగడం, లబార్సె కడుక్కోవడం (రాసేది "వి" అక్షరంతోనే, పలికేది "బ"). కసార్ పెళ్ళి చేయడం, కసార్సె పెళ్ళి చేసుకోవడం. మన క్రియల చివర చేరే "కొను" (కడుగు, కడుక్కొను) చేసే పనే వాళ్ళకి "సె" చేస్తోంది; మనిషిని బట్టి ఆ "సె"యే మె, తె, నోస్ అని మారుతుంది. "కారు కడిగాను", "మొహం కడుక్కున్నాను" అని మనం ఆలోచించకుండా తేడా చూపిస్తాం. మాతో పనిచేసే టెక్సాస్ అబ్బాయికి ఆ సదుపాయం లేదు. ప్రతి "మె" పక్కనా "మైసెల్ఫ్" అని రాసుకుని, "మె కసే" దగ్గరికొచ్చేసరికి "నన్ను నేనే పెళ్ళాడానా?" అని తల పట్టుకున్నాడు.

ఇంకో లాభం కూడా ఉంది. చేతులు కడుక్కున్నాను అనడానికి స్పానిష్‌లో "మె లబే లాస్ మానోస్" అంటారు, అందులో "నా చేతులు" అనే మాట రాదు. ఇంగ్లీషు నుంచి వచ్చినవాళ్ళు "మిస్ మానోస్" అని అలవాటుగా పెట్టేస్తారు. మనం "నా చేతులు కడుక్కున్నాను" అంటామా? అనం, "కొను"లోనే ఎవరి చేతులో వచ్చేసింది.

ఒకళ్ళనొకళ్ళు అనే అర్థం కూడా అంతే. "సె పెలెయాన్" అంటే కొట్టుకుంటున్నారు, "నోస్ బేమోస్" అంటే మళ్ళీ కలుసుకుందాం. "కొట్టుకుంటున్నారు" అంటే ఎవరికి వాళ్ళు చెంపలు వాయించుకుంటున్నారని మనం అనుకోం కదా.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ "సె" మొత్తం "కొను" కాదు, ఇక్కడే నేను రెండోసారి పడ్డాను. ఇర్ అంటే వెళ్ళడం. మరి ఇర్సె? "వెళ్ళుకోవడం" అనేది లేదు. అది "వెళ్ళిపోవడం". కయెర్సె పడిపోవడం, కెదార్సె ఉండిపోవడం, రొంపెర్సె పగిలిపోవడం. అంటే ఇక్కడ "సె" మన "పోవు" పని చేస్తోంది. తిండి దగ్గరకొస్తే "మె కొమీ తోదా లా పిజ్జా" అంటే పిజ్జా మొత్తం తినేశాను, అక్కడ మన "వేయు". ఒక్క "సె" వెనక మన కొను, పోవు, వేయు మూడూ ఉన్నాయి. ఇది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు, నా నోటుబుక్కులో జంటలు రాసుకుంటూ పోతే తేలింది.

ఒకసారి ఆవిడ గాజు గ్లాసు నా చేతిలోంచి జారి పగిలింది. నిజాయితీగా "రొంపీ ఎల్ బాసో" అని ఒప్పుకున్నాను. అది వినడానికి "గ్లాసు పగలగొట్టాను" అన్నట్టు, కావాలని నేలకేసి కొట్టినట్టు ఉంటుందట. ఆవిడ నవ్వి, "సె తె కయో" అని దిద్దింది. నీ చేతిలోంచి పడిపోయింది, అంతే. గ్లాసు పడిపోవడం "సె", అది ఎవరికి జరిగిందో ఆ మనిషి "తె". నేను చెప్పుకోవాల్సి వస్తే "సె మె కయో". మర్చిపోయినా ఇదే పద్ధతి: "సె మె ఒల్బిదో". తప్పు నాదే అయినా వాక్యంలో కర్త నేను కాదు, ఎంత హాయో.

ఇక తెలుగు మనల్ని ముంచే చోట్లు. మనకి "కొను" మనిషిని బట్టి మారదు, చివర క్రియాప్రత్యయం మారుతుంది. అక్కడ ముక్కే మారాలి: నేను అయితే మె, నువ్వు అయితే తె, మేము అయితే నోస్. కూర్చోవాలనుంది అనడానికి నేను చాలాకాలం "కియెరో సెంతార్సె" అనేవాణ్ణి, "కియెరో సెంతార్మె" అనాలి. "మె కియెరో సెంతార్" అన్నా సరే. చేయమని చెప్పేటప్పుడు ఆ ముక్క క్రియకి తోకలా అతుక్కుంటుంది, "సియెంతతె" అంటే కూర్చో. వద్దని చెప్పేటప్పుడు మళ్ళీ ముందుకొస్తుంది, "నో తె సియెంతెస్".

అలాగే "కొను" కనిపించిన ప్రతిచోటా "సె" పెట్టకండి. నేర్చుకోవడం ఒట్టి అప్రెందెర్, ఎంచుకోవడం ఒట్టి ఎలెహిర్. తిరగేసి చూస్తే, నవ్వడానికి మనకి "కొను" అక్కర్లేదు, వాళ్ళు మాత్రం రెయిర్సె అంటారు. మీరు అడిగిన లెబంతార్సె కూడా ఈ బాపతే: లెబంతార్ లేపడం, లెబంతార్సె లేవడం. జంట కుదిరింది, "కొను" మాత్రం రాలేదు. ఇలాంటివి బట్టీ పట్టాల్సిందే, దగ్గరిదారి లేదు.

"మె గుస్తా"ని చూసి కంగారు పడకండి, అది ఈ కుటుంబం కాదు. అది మన "నాకు నచ్చుతుంది", ఆ "మె" అంటే "నాకు". "సె బెందె", "సె రెంతా" అని ఇళ్ళ గోడల మీద కనిపించేవి కూడా వేరు, మన ఊళ్ళో "ఇల్లు అమ్మబడును", "అద్దెకు ఇవ్వబడును" అని రాస్తారే, అవి.

ఇప్పుడు మీ యాప్‌లో కొత్త క్రియ వస్తే ఇంగ్లీషు అర్థం చూసే ముందు, "సె" లేకుండా ఒకటి, ఉంటే ఒకటి, రెండు తెలుగు మాటలు పక్కపక్కన రాసి చూడండి. కుదరనివి ఉంటే ఇక్కడే కింద పెట్టండి, పోనెర్సెతో మొదలుపెడదాం (పోనెర్ అంటే పెట్టడం). దానికి నా దగ్గరే ఐదారు తెలుగు మాటలు పోగయ్యాయి.