ఈత కోచింగ్ మధ్యలో ఆపేశారు, కట్టిన ఫీజు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా బాబుకు పదేళ్లు. ఏప్రిల్‌లో ఒక ప్రైవేటు స్విమ్మింగ్ అకాడమీలో 12 వారాల కోచింగ్‌కు చేర్పించాం. ఫీజు 18,000, అడ్మిషన్ 1,000 రూపాయలు. అంతా ఒకేసారి ఫోన్‌పేలో కట్టాను. నాలుగు వారాలయ్యాక ‘పూల్ లీజు అయిపోయింది, బ్యాచ్ రద్దు’ అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. డబ్బు అడిగితే రసీదు మీద ‘ఫీజు నాన్ రిఫండబుల్’ అని ఉంది, చూసుకోండి అంటున్నారు. కావాలంటే స్కేటింగ్ బ్యాచ్‌లో వేస్తారట, లేదంటే వచ్చే వేసవి దాకా ఆగాలట. వివాదాలేవైనా హైదరాబాద్ కోర్టుల్లోనే అని కూడా రసీదు మీద రాసి ఉంది. ఇంత చిన్న మొత్తానికి అక్కడిదాకా తిరగగలమా?

జవాబు: మీరు హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు ఎక్కడ నివసిస్తే, లేదా ఎక్కడ పనిచేస్తే, అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చట్టం ఇచ్చిన ఈ వీలును రసీదు మీద అచ్చేసిన ఒక్క లైనుతో తీసేయలేరు.

ఇక ‘నాన్ రిఫండబుల్’ సంగతి. ఆ మాట చూసే చాలామంది ఆగిపోతారు. మీ బాబే మానేసి ఉంటే ఆ షరతు మీద వాదన నడిచేది. కానీ ఇక్కడ మానింది బాబు కాదు, వాళ్లు. నేర్పని ఎనిమిది వారాల డబ్బు ఉంచుకునే హక్కు ఆ షరతు ఇవ్వదు. లీజు గడువు ముగియడం వరదో భూకంపమో కాదు కదా, ఎప్పుడు ముగుస్తుందో ఫీజు తీసుకున్న రోజే వాళ్లకు తెలిసి ఉండాలి. ఒకవేళ నిజంగానే తమ చేతుల్లో లేని కారణమని చూపించినా, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 65వ సెక్షన్ ఉంది. ఒప్పందం చెల్లకుండా పోతే, దాని కింద పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాల్సిందే.

2019 చట్టం లెక్కన ఇది సేవలో లోపం. పైగా సేవ లోపించినప్పుడు రసీదులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు వాపసు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. స్కేటింగ్‌లో చేరడమా, మానడమా అన్నది మీ ఇష్టం. ఈతకు డబ్బు కట్టినవాళ్లను చక్రాల మీద నిలబెడతామంటే ఒప్పుకోవాలని ఎక్కడా లేదు.

అయితే ఒక మెలిక ఉంది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ విద్యాసంస్థలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తీర్పిచ్చింది. వాటి ఆధ్వర్యంలో నడిచే ఈత, ఆటలు, విహారయాత్రల్ని కూడా బయటే ఉంచింది. కోచింగ్ సంస్థలకు మాత్రం ఆ మినహాయింపు దక్కలేదు. మీది విడిగా నడిచే అకాడమీ కాబట్టి ఇబ్బంది లేదనే నా అభిప్రాయం. అయినా రసీదు మీద ఎవరి పేరుందో ఒకసారి చూడండి. ఏదైనా స్కూలు ట్రస్టు పేరుంటే అవతలి లాయరు మొదట ఎత్తేది ఈ తీర్పునే.

ఎంత అడగాలి? వారానికి 1,500 చొప్పున మిగిలిన ఎనిమిది వారాలకు 12,000. అడ్మిషన్ ఫీజులో కూడా మూడింట రెండు వంతులు అడగండి, ఇస్తారో లేదో తర్వాతి మాట. జీఎస్టీ విడిగా వసూలు చేసి ఉంటే ఆ మేరకు అదీ కలపండి. వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కోరవచ్చు. అవి ఎంత ఇవ్వాలో కమిషనే నిర్ణయిస్తుంది. లక్షలు అడిగి కేసును పలుచన చేసుకోకండి.

ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది. గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేయకముందే ఆ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్ కూడా మార్చకండి. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఆ ప్రింట్లు అసలు ఎలక్ట్రానిక్ రికార్డు నుంచి తీసినవేనన్న ధ్రువీకరణ, జతచేయాలి. తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. తెల్లకాగితం మీద మీరే రాసుకోవచ్చు. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. వాళ్లు తీర్పు చెప్పలేరు గానీ, అక్కడినుంచి అడిగేసరికి దిగివచ్చినవాళ్లు ఉన్నారు.

అప్పటికీ ఇవ్వకపోతే కమిషన్‌లో ఫిర్యాదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే దాఖలు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంటినుంచే వేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. రద్దు చేసిన రోజు నుంచి రెండేళ్ల గడువుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా అంతకంటే ఎక్కువే పట్టవచ్చని మనసులో పెట్టుకోండి. ఆర్డరు వచ్చాకా కట్టకపోతే మాత్రం 2019 చట్టం 72వ సెక్షన్ కింద కనీసం నెల జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

పోలీస్ స్టేషన్‌కు వెళ్తే ‘సివిల్ మేటర్’ అంటారు. మీ విషయంలో వాళ్ల మాట చాలావరకు నిజమే. మోసం కేసుకు డబ్బు తీసుకునేనాటికే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపాలి. నాలుగు వారాలు నేర్పించాక అది నిలబడటం కష్టం.

నోటీసు అందాక ఐదారు వేలు చేతిలో పెట్టి ఒక కాగితం మీద సంతకం అడగవచ్చు. అందులో ‘ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్’ అని ఉంటే సంతకం చేయకండి. డబ్బు ఖాతాలో వేయమనండి, ‘పాక్షికంగా అందింది, మిగతాది బాకీ’ అని అదే వాట్సాప్‌లో జవాబు పెట్టండి.