నీళ్లు కాచి తాగమని చెప్పకు

చిట్టితల్లీ,

నువ్వు నైజీరియా వెళ్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడి గొంతు వణికింది. నాకు ముందు గర్వంగా అనిపించింది, రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. అందులోనూ చమురు ఒలికి నీళ్లు పాడైన ఒగోనీ ప్రాంతానికి, నూతి నీళ్లు తాగే గర్భిణుల ఆరోగ్య సర్వేకి! నేను అక్కడే పోర్ట్ హార్కోర్ట్ నగరంలో, నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసే రోజుల్లో నువ్వు పలక పట్టుకుని తిరిగేదానివి. ఇప్పుడు నాతో ఒక్క మాటైనా అనకుండా టికెట్టు కొనేశావు. సరే, ఆ కోపం తర్వాత తీర్చుకుంటాను.

ఎల్లో ఫీవర్ టీకా కార్డు పాస్‌పోర్టులోనే ఉంచు. మలేరియా మాత్రలు మానకు. చీకటి పడ్డాక రోడ్డెక్కకు. ఏ ఊరు వెళ్లినా ముందు ఊరిపెద్దను కలువు. మీ అమ్మ భయమంతా కిడ్నాపుల గురించి. నా భయం సీసాల గురించి.

నేను అక్కడున్నప్పుడు ఒక ఊరి ఆడవాళ్లు నూతి నీళ్లు కిరసనాయిలు కంపు కొడుతున్నాయని మొత్తుకునేవారు. చివరికి ఒక బృందం వచ్చింది. అందరూ పెద్ద చదువులవాళ్లే. తాగి పారేసిన ప్లాస్టిక్ సీసాల్లో ముప్పావు వంతు నీళ్లు పట్టి, జీపు వెనక ఎండలో పడేసి, సాయంత్రానికి మా దగ్గరికి తెచ్చారు. చమురులో ఉండే బెంజీన్ అనే విషం ఇట్టే ఆవిరైపోతుంది కదా. సీసాలో ఖాళీ ఉంటే అక్కడికి ఎక్కుతుంది, మూత తీయగానే ఎగిరిపోతుంది. కొంత ప్లాస్టిక్కే పీల్చుకుంటుంది. ఈ నమూనాలు పనికిరావని మేం చెప్పాం. తెచ్చినవి పరీక్షించడమే మన పని అన్నాడు పై అధికారి. యంత్రం తనకు అందిన నీళ్ల సంగతే చెప్పింది: బెంజీన్ కనబడలేదు. ఆ కాగితం ఊరికి చేరింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఏ ఆఫీసు గడప తొక్కినా ఆ కాగితమే ఎదురొచ్చేది. ఒకావిడ కసావా దుంపలు నానబెట్టిన బానలోంచి దోసెడు నీళ్లు తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "మీ యంత్రానికి జలుబు చేసిందా?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నాకు నవ్వు రాలేదు తల్లీ. ఆ బృందం అసలు రాకపోయి ఉంటే, వాళ్ల మాటను కొట్టిపారేయడానికి ఎవరి చేతిలోనూ ఆధారం ఉండేది కాదు.

2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఒగోనీ నివేదిక వచ్చినప్పుడు రెండుసార్లు చదివాను. అక్కడి నిసిసియోకెన్ ఒగాలే అనే ఊళ్లో జనం తాగే నూతుల్లో బెంజీన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు 900 రెట్లకు పైగా ఉంది. భూగర్భజలం మీద 8 సెంటీమీటర్ల మందాన చమురు తేలుతోంది. వాసన తెలిసీ అవే నీళ్లు తాగేవారు, ఇంకెక్కడికి పోతారు?

కాబట్టి గాజు సీసాలే వాడు: 40 మిల్లీలీటర్లవి, మూత లోపల టెఫ్లాన్ పొర ఉన్నవి. అంచుదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టు. బుడగ కనబడితే ఆ సీసా వదిలేసి కొత్తది పట్టు. వెంటనే ఐసులో పెట్టు. శుద్ధజలం నింపిన సీసా ఒకటి ప్రయాణమంతా వెంట ఉండాలి, జీపులోని పెట్రోలు ఆవిరి నూతి లెక్కలో కలిసిందో లేదో అదే చెబుతుంది.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట. ప్రజారోగ్యం చదివినవాళ్ల నోట ముందుగా వచ్చేది "నీళ్లు కాచి తాగండి". అక్కడ ఆ మాట అన్నావో, నీ చదువుకో దండం! కాస్తే క్రిములు చస్తాయి, బెంజీన్ మాత్రం ఆవిరై వంటింట్లో నిండుతుంది. పొయ్యి ముందు కూర్చున్న గర్భిణి దాన్నే పీలుస్తుంది. ఎముకల్లో మూలుగను దెబ్బతీసి ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ తెచ్చే విషం అది. అలాగని ట్యాంకరు ఎప్పుడు వస్తుందో కనుక్కోకుండా నూతి మీద ఎర్రగుర్తు వేసి రావడమూ తప్పే.

2019లో వచ్చిన ఒక పరిశోధన చూశావా? నైజీరియాలో గర్భం దాల్చక ముందు దగ్గర్లో చమురు ఒలికి ఉంటే, పుట్టిన నెలలోపే పోయే పసివాళ్ల సంఖ్య దాదాపు రెట్టింపవుతోందని తేలింది. అంటే కడుపుతో ఉన్న నెలల గురించే అడిగితే చాలదు, అంతకుముందు ఏ ఊరి నీళ్లు తాగిందో కూడా అడగాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని అడిగేటప్పుడు కాగితంలోకి చూస్తూ అడగకు. నీకు ఆ అలవాటు ఉంది, మీ నాన్నకూ ఉంది.

మన పాసర్లపూడి గ్యాసు బావి మండిన 1995లో నువ్వింకా పుట్టలేదు. ఆ మంట 65 రోజులకు ఆరింది. ఒగోనీ ఉన్న నైజర్ డెల్టాలో చమురు బావుల గ్యాసు మంటలు దశాబ్దాలుగా మండుతూనే ఉన్నాయి. ఆ 1995 నవంబరులోనే, చమురు కాలుష్యం మీద ఒగోనీలను కూడగట్టిన కెన్ సారో-వివాను, మరో 8 మందిని ఉరితీశారు. నువ్వు కాగితం, పెన్ను తీయగానే ముసలివాళ్లు నోరు మూసుకుంటే నొచ్చుకోకు. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి వాళ్లకు చదివి వినిపించు. ఆ ప్రయాణం ఖర్చు ఇప్పుడే బడ్జెట్‌లో రాయించు, తర్వాత ఎవరూ ఇవ్వరు.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. బుడగ లేకుండా సీసా నింపడం మన నూతి దగ్గరే నేర్పిస్తాను. మీ పెద్దమ్మ నీ కోసం మలేరియా మందులన్నీ ఒక సంచీలో సర్దుతోంది. సగం గడువు దాటినవే, ఆవిడకు చెప్పకు.

నీ పెదనాన్న