గుదికాలి నొప్పికి స్కానింగా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుత్తి. వయసు 23. కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం పొద్దున్నే 1600 మీటర్లు పరుగెత్తి, ఆపైన కోట మెట్లెక్కుతున్నా. రెండు నెలలుగా కుడి గుదికాలి వెనక నొప్పి. నిద్ర లేచాక మొదటి నాలుగడుగులూ కుంటుడే. అనంతపురంలో ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారు. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తీయించమంటున్నారు. అది గర్భిణులకు తీసేది కదా, డబ్బు దండగ అంటోంది అమ్మ. తీయించాలా?
- పేరు రాయని పాఠకుడు

జవాబు: తీయించండి. పిక్క కండరాల్ని మడమ ఎముకకు కలిపే అకిలిస్ టెండన్ ఎక్స్‌రేలో సరిగా కనిపించదు. మీ లక్షణాలు చూస్తే అనుమానం దానిమీదే. చర్మం కిందే ఉంటుంది కాబట్టి అల్ట్రాసౌండ్‌కు బాగా దొరుకుతుంది. రేడియేషన్ ఉండదు, అమ్మగారికి ఆ మాట చెప్పండి.

బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచున వేలాడేలా ఉంచి, జెల్ రాసి చూస్తారు. బాగున్న టెండన్ పడుగు దారాల్లా తిన్నగా, తెల్లగా కనిపిస్తుంది. మందం మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపే. దెబ్బతింటే ఉబ్బుతుంది, మధ్యలో నల్లబడుతుంది. రక్తం పారే చోటును రంగుల్లో చూపే డాప్లర్ పెడితే కొత్త రక్తనాళాలు రంగుచుక్కలుగా మెరుస్తాయి. అయితే చర్మంపై ఆనించే స్కాన్ పరికరాన్ని (ప్రోబ్) గట్టిగా అదిమితే ఆ చుక్కలు మాయం. కొంచెం వాలిస్తే మంచి టెండనే నల్లగా కనిపిస్తుంది. అందుకే కీళ్లు, కండరాల స్కాన్లు తీయడం అలవాటున్న రేడియాలజిస్టు దగ్గరికే వెళ్లండి. రెండో కాలూ పోల్చి చూడమనండి. పాదం ఆడిస్తూ చూస్తే చిరుగు ఉందా అన్నదీ తేలుతుంది.

రిపోర్టులో 'మందం పెరిగింది' అని ఉంటే టెన్షన్ పడొద్దు. నొప్పి లేని రన్నర్లలోనూ అలా కనిపిస్తుంది, నొప్పి తగ్గాక కూడా మిగలొచ్చు. నెలనెలా స్కాన్ తీయించడం మాత్రం నిజంగా దండగే.

చిరుగు లేకపోతే కోట మెట్లు ఆపి, పరుగు తగ్గించండి. మడమకు 2 నుంచి 6 సెంటీమీటర్ల పైన నొప్పయితే, మెట్టు అంచున మునివేళ్లపై నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామం చేయాలి. 15 సార్ల చొప్పున మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు. ఒకసారి మోకాలు తిన్నగా, ఒకసారి కాస్త వంచి. నొప్పి సరిగ్గా ఎముక దగ్గరే అయితే మడమను మెట్టు కిందికి దించొద్దు. టెండన్‌లోకి స్టెరాయిడ్ సూదికి ఒప్పుకోవద్దు, తెగే ప్రమాదముంది. ఈమధ్య సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడి ఉంటే డాక్టరుకు చెప్పండి. వాటివల్లా టెండన్ దెబ్బతింటుంది.

పరుగులో 'టప్'మని, ఎవరో వెనక నుంచి తన్నినట్టయి, మునివేళ్లపై లేవలేకపోతే ఆ రోజే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించండి.