మంచులో ఇంటిదారి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డిసెంబరు మొదలైనప్పటి నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి మీద ఉన్నాయి: డ్యూటీ దిగి చీకట్లో, చలిలో, పొగమంచులో ఇల్లు చేరడం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే కేటాయించాం.

ప్రశ్న: నానక్‌రాంగూడలో నైట్ షిఫ్ట్ ముగించుకుని తెల్లవారుజామున 5 గంటలకు కారులో ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కుతాను. అప్పా జంక్షన్ దాటాక, హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్నట్టుండి మంచు కమ్మేస్తుంది. హై బీమ్ వేసి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి, ముందు పోయే లారీ వెనక దీపాలు చూసుకుంటూ వెళ్తున్నాను. ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?
– ఒక పాఠకుడు, తుక్కుగూడ

జవాబు: ముందు ఈ మూడూ మానేయండి. పొగమంచు అంటే గాలిలో తేలే నీటి తుంపర. హై బీమ్ పైకి, దూరానికి కొడుతుంది కాబట్టి ఆ వెలుగు తుంపర మీద పడి తిరిగి మీ కళ్లలోకే వస్తుంది. ఎదురుగా తెల్లగోడ కట్టినట్టు అయిపోతుంది. డిమ్ లైట్, బంపర్ కింద ఫాగ్ ల్యాంపులు ఉంటే అవి చాలు. నాలుగు ఇండికేటర్లు ఆగిపోయిన బండి కోసం. నడుస్తూ వాటిని వెలిగిస్తే వెనకవాడికి మీరు ఆగారో, వెళ్తున్నారో తెలియదు. లేన్ మారినా మీ ఇండికేటర్‌కు అర్థం ఉండదు. ఇక లారీ దీపాలు పట్టుకుని వెళ్లడం అన్నిటికంటే ప్రమాదం. ఆ దీపాలు కనిపించాలంటే మీరు దానికి బాగా దగ్గరగా ఉండాలి. లారీ దేన్నయినా గుద్ది ఆగిపోతే మీకు బ్రేక్ వేసే చోటు మిగలదు. పొగమంచులో బండి వెనక బండి వరసగా గుద్దుకునేది ఇలాగే.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. కొత్త కార్లలో స్టార్ట్ చేయగానే ముందువైపు డీఆర్‌ఎల్ (పగటిపూట కూడా వెలిగే చిన్న దీపాలు) వెలుగుతాయి, డ్యాష్‌బోర్డు కూడా వెలుగుతుంది. దాంతో లైట్లు వేసే ఉన్నాయనుకుంటాం. చాలా మోడళ్లలో డీఆర్‌ఎల్‌తో వెనక దీపాలు వెలగవు. ‘ఆటో’లో పెట్టినా, తెల్లారిన వెలుతురు సెన్సర్‌కు చాలితే హెడ్‌లైట్లు ఆరిపోతాయి. మంచు ఉందని సెన్సర్‌కు తెలియదు కదా. ముందు మెరుస్తూ, వెనక చీకటిగా ఉన్న కారు మంచులో లేనట్టే లెక్క. స్విచ్‌ను చేత్తో తిప్పి డిమ్ లైట్ మీద పెట్టండి. వెనక ఫాగ్ ల్యాంప్ ఉంటే అదీ వేయండి. మామూలు వెనక దీపం 5 వాట్లయితే ఇది 21 వాట్లు, బ్రేక్ లైట్‌తో సమానం. మంచు విడిపోగానే ఆర్పేయండి, లేకపోతే వెనకవాడి కళ్లు చెదురుతాయి.

వేగం సంగతి. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా, ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదికి చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, 40లో వెళ్లే కారు ఆగడానికి సుమారు 26 మీటర్లు కావాలి. 60లో 45, 80లో దాదాపు 70, 100లో 98 మీటర్లు. రోడ్డు మంచుకు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. మంచులో దూరాన్ని మీటర్లలో అంచనా కట్టలేం కాబట్టి ఇలా చేయండి. డివైడర్ మీది ఏదో ఒక మొక్క మసకగా కనపడిన క్షణం నుంచి ‘వెయ్యిన్నొకటి, వెయ్యిన్ను రెండు’ అని సెకన్లు లెక్కపెట్టండి. నాలుగు పూర్తికాకముందే దాన్ని దాటేస్తే మీ వేగం ఎక్కువైనట్టు. 50 మీటర్లే కనిపిస్తుంటే ఈ లెక్కన వేగం 45 దాటకూడదు. సైన్‌బోర్డులతో లెక్కపెట్టొద్దు. వాటి మీది మెరుపు పూత వల్ల అవి ముందే కనిపిస్తాయి, లైట్లు లేని టిప్పర్ అలా కనిపించదు. ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ వేగం 120 అన్నది అంతా స్పష్టంగా కనిపించే రోజు మాట. చుట్టూ తెల్లగా ఉన్నప్పుడు వేగం మన అంచనాకు అందదు, ముల్లు చూస్తూ ఉండండి.

లేన్ విషయానికొస్తే, చెడిపోయిన లారీలు ఆగేది ఎడమ అంచున, దూసుకొచ్చేవాళ్లు ఉండేది కుడి చివర. కుడి నుంచి లెక్కపెడితే మూడో లేన్ మేలు. అద్దం కాస్త దించి, పాటలు ఆపేయండి. బ్రేకుల కీచుమోత, హారన్ కంటికంటే ముందు చెవికి అందుతాయి. ఇక వెళ్లలేను అనిపిస్తే రోడ్డు పక్కన ఆపకండి, తర్వాతి ఇంటర్‌చేంజ్‌లో దిగిపోయి, వెలుతురున్న చోట పూర్తిగా రోడ్డు వదిలి ఆగండి.

చివరగా బయల్దేరే వేళ. రాత్రంతా ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి ఆడకపోతే నేల వేడి పైకి పోయి, నేలకు ఆనుకున్న తేమ గాలి చల్లబడి మంచవుతుంది. చెరువుల దగ్గర తేమ ఎక్కువ, అందుకే మీకు హిమాయత్‌సాగర్ దగ్గరే ఎదురవుతోంది. ఈ మంచు సూర్యోదయం అటూఇటూ చిక్కగా ఉంటుంది. జనవరిలో మనకు పొద్దు పొడిచేది 6:45 ప్రాంతంలో. సాధారణంగా 8, 9 గంటల మధ్య విడిపోతుంది. 5కు లాగవుట్ అయితే వెంటనే బయల్దేరండి, లేదా 8 దాకా ఆఫీసులోనే పడుకోండి. టీ తాగి, కబుర్లు చెప్పుకుని 6కు బయల్దేరడం అన్నిటికన్నా చెడ్డ బేరం.

ప్రశ్న: తెల్లవారుజామున కారు అద్దం లోపలా బయటా మసకబారుతుంది. గుడ్డతో తుడిచినా నిమిషంలో మళ్లీ అంతే. చలికి ఏసీ వేయాలంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు.
– పాఠకురాలు, నల్లగండ్ల

జవాబు: వేలితో లోపల ఒక గీత గీయండి. గీత పడితే తేమ లోపలిది, మీ ఊపిరిది. పడకపోతే బయటిది, దానికి వైపర్ చాలు. లోపలి తేమకు ఏసీ, వేడి గాలి రెండూ కలిపి వేయాలి. ఏసీ బటన్ నొక్కి, ఉష్ణోగ్రత గుండీ ఎరుపు వైపు తిప్పి, గాలి ముందు అద్దం మీదికి పెట్టండి. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, హీటర్ ఆ పొడి గాలిని వెచ్చబెడుతుంది. చలి వేయదు, ఇంట్లోవాళ్లూ గొడవ చేయరు. లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేయాలి, లేకపోతే నలుగురి ఊపిరీ కారులోనే తిరుగుతుంది. రెండు మూడు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. తేటపడేదాకా కదలకండి. తడిసిన కాలిపట్టాలు డిక్కీలో వేయండి. డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ నుంచి అద్దం లోపలి వైపు పేరుకునే జిడ్డు పొరకు తేమ త్వరగా పడుతుంది, ఎదుటి లైట్లు పడితే చెదిరి కనిపిస్తుంది. నెలకోసారి గ్లాస్ క్లీనర్‌తో, మైక్రోఫైబర్ గుడ్డతో లోపలి వైపు తుడవండి.

ప్రశ్న: పసుపు రంగు బల్బులు వేయిస్తే మంచులో బాగా కనిపిస్తుందంటున్నారు. నిజమేనా?
– పాఠకుడు, ఉప్పల్

జవాబు: రంగు వల్ల ఒరిగేది లేదు. మంచు తుంపర అన్ని రంగుల వెలుగునూ దాదాపు ఒకేలా చెదరగొడుతుంది. ఫాగ్ ల్యాంప్ పనిచేసేది అది కిందుగా ఉండి, వెలుగును పైకి పోనీకుండా అడ్డంగా పరుస్తుంది కాబట్టి. ఆ డబ్బుతో హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి, మసకబారిన ప్లాస్టిక్‌ను పాలిష్ చేయించండి. ఎక్కువ వాట్ల బల్బులు మాత్రం వద్దు. వైరింగ్ వేడెక్కుతుంది, రిఫ్లెక్టర్ కాలిపోతుంది.

ప్రశ్న: శంషాబాద్ ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ. ఉదయం 6కు దిగి స్కూటర్ మీద షాద్‌నగర్ వెళ్తాను. హెల్మెట్ అద్దం మసకబారితే పైకెత్తుతాను, కళ్లలో నీళ్లు కారతాయి. ఏం చేయాలి?
– పాఠకురాలు, షాద్‌నగర్

జవాబు: ఒక చుక్క షాంపూను తడి గుడ్డ మీద వేసి వైజర్ (హెల్మెట్ అద్దం) లోపలి వైపు పలుచగా రుద్దండి. ఆరాక పొడి గుడ్డతో మెరిసేదాకా తుడవండి. కడగొద్దు. రెండు మూడు రోజులు పనిచేస్తుంది. వైజర్‌ను మొత్తం ఎత్తకుండా ఒక్క మెట్టు తెరిచి ఉంచండి, గడ్డం దగ్గరి గాలి రంధ్రం తెరవండి. ముక్కు మీదుగా స్కార్ఫ్ బిగించి కట్టుకుంటే ఊపిరి పైకే పోయి అద్దానికి పడుతుంది, ముక్కు కింద వదులుగా కట్టండి. నల్ల వైజర్ ఆ వేళకు అస్సలు పనికిరాదు.

చేతులకు గ్లౌజులు తప్పనిసరి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేక్ లీవర్ నొక్కడం ఆలస్యమవుతుంది. జాకెట్ లోపల ఛాతీ మీద న్యూస్‌పేపర్ మడతపెట్టి పెట్టుకుంటే గాలి లోపలికి దిగదు.

బయల్దేరే ముందు స్కూటర్ వెనకభాగాన్ని గోడకు దగ్గరగా పెట్టి, కుడి లీవర్ ఒకసారి, ఎడమ లీవర్ ఒకసారి నొక్కండి. రెండుసార్లూ గోడ మీద ఎరుపు పెరగాలి. ఒక లీవర్‌కు పెరగకపోతే దాని స్విచ్ పోయినట్టే. చిన్న రిపేరే, ఆలస్యం చేయకండి. శాలువా, రెయిన్‌కోటు అంచు, ఆఫీసు బ్యాగు వెనక దీపం మీదికి వేలాడకుండా చూసుకోండి. మెరిసే పట్టీల జాకెట్ వేసుకోండి. మీరు వెళ్లేది 44వ జాతీయ రహదారి, వెనక వచ్చేది బస్సులు, లారీలు. మంచు చిక్కగా ఉన్న రోజు స్కూటర్ ఎయిర్‌పోర్టులోనే పెట్టి బస్సెక్కడం పిరికితనం కాదు.

ప్రశ్న: పటాన్‌చెరులో పని ముగించుకుని రాత్రి 8కి బైక్ మీద ఊరికి వెళ్తాను. దారి పొడవునా వడ్లు ఆరబోసి ఉంటున్నాయి.
– పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: వానాకాలం పంట చేతికొచ్చే రోజులు, రైతుకు కల్లం లేక రోడ్డే దిక్కు. ఆ కష్టం తెలిసిందే అయినా చీకట్లో ఇది ప్రాణాంతకం. వడ్ల మీద టైరు గోళీల మీద పడ్డట్టు జారుతుంది. వడ్ల మీదికి ఎక్కితే ముందు బ్రేక్ ముట్టుకోకండి, యాక్సిలరేటర్ వదిలి, హ్యాండిల్ నిటారుగా ఉంచి దాటండి. అసలు ముప్పు వడ్లకంటే చుట్టూ పెట్టిన రాళ్లు, మంచు పడకుండా కప్పిన నల్ల టార్పాలిన్. డిమ్ లైట్‌లో అవి తారు రంగులో కలిసిపోతాయి. ఆ రోడ్డు మీద రాత్రి 40 మించొద్దు. ఎదుటి బండి లైట్లు కళ్లలో పడి ఏమీ కనపడకపోతే ఇంకా తగ్గించండి. మీ ఊరివాళ్లే అయితే రాళ్లకు సున్నం పూయమని అడగండి, వడ్లు ఎత్తాక రాళ్లు పక్కకు తీసేయమనండి.

ప్రశ్న: ఆఫీసు క్యాబ్‌లో ఇంటికి వచ్చేటప్పుడు డ్రైవరన్నకు కునుకు పడుతోంది. పాటలు పెట్టమంటున్నాం.
– పాఠకులు, మియాపూర్

జవాబు: పాటలు, చల్లగాలి నిద్రను ఆపవు. 80లో వెళ్తూ మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 67 మీటర్లు గుడ్డిగా పోతుంది. తెల్లవారుజామున 2 నుంచి 6 దాకా శరీరం నిద్ర కోరే వేళ. పదేపదే ఆవలింతలు, లేన్ గీత మీదికి జరగడం, బ్రేక్ ఆలస్యంగా వేయడం కనిపిస్తే సురక్షితమైన చోట ఆపించండి. ఒక కాఫీ తాగించి, వెంటనే 20 నిమిషాలు పడుకోనివ్వండి. కాఫీ పనిచేయడానికి అంతే సమయం పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. ‘అన్నా, ఆలస్యమైనా పర్వాలేదు’ అని మీరే చెప్పాలి. ట్రిప్పు లెక్క భయంతో ఆయన తనంతట తాను అడగడు.

ప్రశ్న: మా అబ్బాయి షికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. మొదటి చలికాలం. సాయంత్రం మంచులో కారు నడుపుకుంటూ ఇంటికొస్తాడు. ఏం జాగ్రత్తలు చెప్పాలి?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అక్కడి మంచు వేరమ్మా. పొగ కాదు, రోడ్డు మీద గడ్డకట్టే నీరు. తడిగా, నల్లగా కనిపించే పలచటి మంచుపొర అసలు శత్రువు. వంతెనలు ముందు గడ్డకడతాయి, కిందా పైనా చల్లగాలే కదా. ఉష్ణోగ్రత 37 ఫారన్‌హీట్‌కు దిగితే ఆ పొరను అనుమానించమనండి. 45 ఫారన్‌హీట్ కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. టైరు పక్కభాగం మీద కొండ, మంచుపువ్వు గుర్తున్న వింటర్ టైర్లు నాలుగూ వేయించుకోమనండి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కారు కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

ముందు బండికి 8 నుంచి 10 సెకన్ల ఎడం ఉంచాలి. జారితే యాక్సిలరేటర్ వదిలి, వెళ్లాల్సిన వైపు చూస్తూ అటే మెల్లగా స్టీరింగ్ తిప్పాలి. ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే బ్రేక్ గట్టిగా నొక్కి పట్టాలి, కాలి కింద దడదడలాడినా వదలకూడదు. బయల్దేరే ముందు కారు పైకప్పు మీది మంచు కూడా దులపాలి, లేకపోతే బ్రేక్ వేయగానే ముందు అద్దం మీదికి జారిపడుతుంది. ఎక్కడైనా మంచులో కూరుకుపోతే కారు వదిలి నడవొద్దు. సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీశాకే ఇంజిన్ వేయాలి, అదీ గంటకు పది నిమిషాలు. గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. కారులో ఒక రగ్గు, పార, టార్చి, నీళ్లు, ఫోన్ ఛార్జర్ ఉండాలి.

ఇంకొక్కటి మీరు చేయాల్సింది. చలికాలంలో షికాగో మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మీరు తెల్లవారి 5 గంటలకు లేచి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం ఐదున్నర, అబ్బాయి స్టీరింగ్ ముందు ఉంటాడు. ఆరున్నరకు చేయండి.