ట్రీ బోవాకి గాజు పెట్టె కట్టే ముందు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. 2022 సంక్రాంతికి చెన్నైలో ఒకతని దగ్గర ట్రీ బోవా అనే చెట్టు పాము పిల్లను కొన్నాను. విషం లేదు, సొంత బిడ్డలా పెంచుతున్నాను. ఇప్పుడు వసారాలో దానికి నాలుగడుగుల ఎత్తు గాజు పెట్టె కట్టిస్తుంటే, ఫారెస్టు వాళ్ళకి చెబుతామని పక్కింటివాళ్ళు బెదిరిస్తున్నారు. టెన్షన్‌లో అమ్మినతనితో నడిచిన వాట్సాప్ చాట్ తీసేశాను. మూడేళ్ళు దాటింది కనుక కేసు చెల్లదని, ఎందుకైనా మంచిది 2019లోనే మా మావయ్య ఇచ్చినట్టు స్టాంపు పేపరు రాయించుకోమని ఫ్రెండ్ అంటున్నాడు. పెట్టెకి పంచాయతీ అనుమతి కావాలా?

జవాబు: ఇంత రాశారు గానీ పామును రిజిస్టర్ చేయించారో లేదో రాయలేదు. కేసంతా దానిమీదే నడుస్తుంది.

ట్రీ బోవా దక్షిణ అమెరికా పాము. బోవా కుటుంబమంతా సైటిస్ (అడవి ప్రాణుల, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) జాబితాల్లో ఉంది. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన సవరణతో ఆ జాబితాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం నాలుగో షెడ్యూలులో చేరాయి. అలాంటి ప్రాణి దగ్గరున్నవాళ్ళు ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పి రిజిస్టర్ చేయించుకోవాలని 49ఎం సెక్షన్ చెబుతుంది. 2024 ఫిబ్రవరి 28 నాటి నియమాలు అందుకు ఆరు నెలల గడువిచ్చాయి. ఆ ఆరు నెలలూ మీరేం చేశారు?

మీ ఫ్రెండ్ మూడేళ్ళను కొన్న రోజు నుంచి లెక్కపెడుతున్నాడు. ఈ చట్టం కింద మీ తప్పు గడువులోగా చెప్పకపోవడం. రిజిస్ట్రేషన్ లేకుండా పాము మీ ఇంట్లో ఉన్నంతకాలం తప్పు కొనసాగుతూనే ఉందని అటువైపు లాయరు వాదిస్తాడు. కొనసాగే నేరానికి కాలపరిమితి రోజూ కొత్తగా మొదలవుతుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 518 సెక్షన్ మీ ఫ్రెండ్‌ని చదవమనండి. వన్యప్రాణి చట్టం కింద శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

స్టాంపు పేపరు జోలికి మాత్రం పోవద్దు. దాని వెనక వెండరు వేసిన తేదీ ఉంటుంది, అతని రిజిస్టరులో నంబరు ఉంటుంది. పట్టుబడితే ఫోర్జరీ కేసు అదనం, మావయ్య కూడా ముద్దాయి. పైగా నిజమే మీకు మేలు చేస్తుంటే అబద్ధం దేనికి? 2022లో కొన్నారంటే 49ఎం ఇంకా పుట్టలేదు. దాన్ని రుజువు చేసే చాట్‌ని మీ చేత్తోనే చెరిపేశారు! చదువుకున్నవాళ్ళు చేసే పనేనా ఇది? ఫోన్ బ్యాకప్‌లో వెతకండి. డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్, తేదీలున్న ఫొటోలు, పశువుల డాక్టరు చీటీలు తీసి పెట్టండి. ఫోన్‌లోవి కోర్టులో చెల్లాలంటే కొత్త సాక్ష్యాల చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63 సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. దిగుమతి కాగితాలు అమ్మినతన్ని అడగండి. అవి లేకపోతే కస్టమ్స్ గొడవ వేరే ఉంటుంది.

ఈ వారంలోనే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి దరఖాస్తు పెట్టండి. ఆలస్యమెందుకైందో ఉన్నదున్నట్టు రాయండి, కానీ ఆ దరఖాస్తే రేపు మీ ఒప్పుకోలు అవుతుంది కనుక లాయరుకు చూపించాకే పంపండి. తిరస్కరిస్తే అటవీశాఖకు అప్పగించి రసీదు తీసుకోండి. వన్యప్రాణి చట్టం 54 సెక్షన్ కింద డబ్బు కట్టి రాజీ పడే దారి ఉంది. సోదా జరగకముందే మీ అంతట మీరు వెళితే ఆ మాట అడగడం సులువు. కోరింగ మడ అడవిలో వదిలేస్తే ఆ దారీ మూసుకుపోతుంది, ఊరికి కొత్త పాము తగులుతుంది.

పెట్టె కట్టండి, తాళం పెట్టండి, ఫొటోలు దరఖాస్తుతో పంపండి. ఫ్రేము చెక్కతో వద్దు. మన గోదారి తేమకి ఉబ్బి తలుపు సరిగ్గా మూసుకోదు. వరదకు నీళ్ళొచ్చే ఇల్లయితే వసారాలో కాకుండా మేడ మీద పెట్టండి. పంచాయతీ అనుమతి అక్కర్లేదు.