అమ్మలుకు, చిన్న ‘దె’ గురించి

అమ్మలూ,

నువ్వు సెప్టెంబరులో స్పెయిన్‌లోని సలమాంకా వెళ్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ళు దాటిన విశ్వవిద్యాలయంలో, 1218లో పుట్టిన చోట, మన ఇంటి పిల్ల చదువుకోబోతోందంటే గర్వంతో నిద్ర పట్టలేదు. కాని నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. హాస్టలులో కాకుండా, ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ ఇంట్లో తోడుగా ఉంటావట. ఆవిడకు సాయంగా ఉన్నందుకు అద్దె తగ్గిస్తారట. ‘దానికి స్పానిష్ బాగానే వచ్చు, ఇన్ఫినిటివ్‌ల దగ్గరే కాస్త తడబడుతుంది’ అని మీ అమ్మ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

చలికోటు ఇక్కడ కొనకు, అక్కడే కొనుక్కో. కాగితాలన్నిటికీ రెండేసి నకళ్ళు తీయించు. ఆవిడను మొదట ‘ఉస్తెద్’ అనే పిలువు, అది మన ‘మీరు’. ఆవిడే వద్దన్నాక ‘తు’ అనవచ్చు. ఇవన్నీ నీకు తెలిసినవే. నేను చెప్పాలనుకున్నది వేరు.

ఇన్ఫినిటివ్ అంటే ఆర్, ఎర్, ఇర్‌లతో ముగిసే క్రియ మూలరూపమని మొదటి వారంలోనే నేర్చుకుని ఉంటావు. ఆబ్లార్, కొమేర్, బిబీర్: మాట్లాడడం, తినడం, జీవించడం. నెబ్రిహా అనే పండితుడు 1492లో అచ్చు వేయించిన కాస్తీలియన్, అంటే స్పానిష్, వ్యాకరణం క్రియలను ఈ మూడు తరగతులుగానే విభజించింది. ఆ పుస్తకం అచ్చయింది కూడా నువ్వు వెళ్ళే ఊళ్ళోనే. మూడు ముగింపులు గుర్తు పెట్టుకోవడం ఎవరికైనా వస్తుంది. కష్టమంతా ఆ మాటకు ముందు ఏం రావాలి, ఏం రాకూడదు అన్న దగ్గరే.

ఇన్నేళ్ళుగా పిల్లల స్పానిష్ నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. మన పిల్లలు చేసే తప్పుల్లో సగం ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం వల్ల వచ్చేవే. ‘బయలుదేరే ముందు’ అని రాయమంటే ‘ఆంతెస్ దె సలియెందో’ అని రాస్తారు. ఇంగ్లీషులో అక్కడ ఇంగ్ ఉంటుంది కదా, అందుకని స్పానిష్‌లో దానికి జోడీగా కనిపించే యెందో తెచ్చి తగిలిస్తారు. స్పానిష్‌లో విభక్తి లాంటి చిన్న మాట పక్కన క్రియ వస్తే అది ఇన్ఫినిటివ్‌గానే ఉండాలి: ఆంతెస్ దె సలీర్. అదే తెలుగులో ఆలోచించి చూడు. ‘బయలుదేరడానికి ముందు’ అంటాం, ‘బయలుదేరుతూ ముందు’ అనం. మన వ్యాకరణంలో భావార్థకం ఉంది, చేయడం, తినడం. శత్రర్థకం వేరుగా ఉంది, చేస్తూ, తింటూ. యెందో మన శత్రర్థకానికి దగ్గర, ఇన్ఫినిటివ్ మన భావార్థకానికి దగ్గర. ‘పారా కొమేర్’ అంటే తినడానికి. ‘సిన్ కొమేర్’ అంటే తినకుండా. ‘అల్ యెగార్’ అంటే చేరగానే. ఇంత చక్కని దారి ఇంట్లో ఉండగా చుట్టూ తిరిగి వెళ్ళడం దేనికి? స్కూల్లో బట్టీ పట్టి విసుగెత్తిన ఆ తెలుగు వ్యాకరణం నాకు స్పెయిన్‌లో పనికొచ్చిందంటే నువ్వు నమ్మాలి.

ఒక్క చోట మాత్రం తెలుగు కూడా మోసం చేస్తుంది. ‘విశ్రాంతి తీసుకోవాలని ఉంది’, ‘మీరు విశ్రాంతి తీసుకోవాలని ఉంది’: మనకు రెండిటిలోనూ ‘తీసుకోవాలని’ అన్న రూపమే. స్పానిష్‌లో అలా కుదరదు. కోరుకునే మనిషీ ఆ పని చేసే మనిషీ ఒకరే అయితేనే ఇన్ఫినిటివ్: ‘కియెరో దెస్కన్సార్’, నాకు విశ్రాంతి కావాలి. వేరే వాళ్ళయితే మధ్యలో ‘కె’ వచ్చి క్రియ రూపం మారిపోతుంది: ‘కియెరో కె దెస్కన్సె’, మీరు విశ్రాంతి తీసుకోవాలి. అంట్లు తోముతున్న పెద్దావిడను కూర్చోబెడదామని వెళ్ళి మొదటి మాట అన్నావనుకో, నువ్వే అలిసిపోయావనుకుని ఆవిడ నీకు కాఫీ కలిపి ఇస్తుంది. అది చిన్న పొరపాటే, దిద్దుకోవచ్చు.

నేను చేసింది అలాంటిది కాదు. నా దగ్గర చదువుకున్న పిల్లలకు ఇంతవరకూ చెప్పలేదు. మీ అమ్మకు సగమే తెలుసు.

1989 జనవరి. అప్పుడు నేను స్పెయిన్‌లోనే వయ్యదొలీద్ అనే ఊళ్ళో ఉన్నాను. పిసువెర్గా నది మీది నుంచి పొగమంచు లేచి మధ్యాహ్నం దాకా వీధులను వదిలేది కాదు. నేను గది తీసుకున్న ఇల్లు డెబ్భై దాటిన ఒక వితంతువుది. ఆవిడకు ఫోనులో మాటలు సరిగా వినిపించేవి కావు, అందుకని మోగినప్పుడల్లా నేనే తీసేదాన్ని. ఆ పని నాకు గొప్పగా ఉండేది. ఢిల్లీలో చదువుకుని వచ్చాను, అంతా అర్థమవుతుందని ధీమా.

ఆవిడకు రక్తపోటు. రోజూ రాత్రి భోజనం తర్వాత ఒక తెల్ల మాత్ర వేసుకునేది. అది వేసుకుంటే కడుపులో తిప్పుతోందని కొన్నాళ్ళుగా సణుగుతోంది. ఆ సంగతి వేరే ఊళ్ళో ఉన్న కొడుకు దాకా వెళ్ళింది. ఒక సాయంత్రం ఆయన ఫోను చేశాడు. ఆఫీసు నుంచి హడావిడిగా మాట్లాడుతున్నాడు. ‘దీలె కె నో దెహె దె తొమార్ లా పస్తియ్యా బ్లాంకా.’ నా చెవికి ‘నో’ వినిపించింది, ‘తొమార్’ వినిపించింది, ‘తెల్ల మాత్ర’ వినిపించింది. మధ్యలో దెహె దె అన్న రెండు చిన్న చప్పుళ్ళు నీళ్ళలా జారిపోయాయి. మళ్ళీ చెప్పమని అడగడానికి నామోషీ వేసింది. ‘సి, సి’ అని పెట్టేశాను.

ఆయన చెప్పింది ‘తెల్ల మాత్ర మానవద్దని అమ్మకు చెప్పు’ అని. దెహె అన్నది ‘దెహార్’ రూపమే. ‘దెహార్ దె’ పక్కన ఇన్ఫినిటివ్ వస్తే ఆ పని మానేయడం. ముందు ‘నో’ చేరితే మానకుండా ఉండడం. నేను ఒక కాగితం ముక్క తీసుకుని, తలుపుల మీదా గోడల మీదా రాసినట్టు, పెద్ద అక్షరాలతో రాశాను: ‘నో తొమార్ లా పస్తియ్యా బ్లాంకా.’ తెల్ల మాత్ర వేసుకోరాదు. ‘పొగ తాగరాదు’ అని గోడ మీద ‘నో ఫుమార్’ రాస్తారే, అచ్చంగా ఆ పద్ధతి. వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. ఫ్రిజ్ తలుపు మీద, నిమ్మకాయ బొమ్మ ఉన్న అయస్కాంతం కింద పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని చదివి ఎంత సంతోషపడిందో! తనకు పడని మాత్రను కొడుకే ఆపమన్నాడు కదా. నా చెంప మీద తట్టింది.

మూడో రోజు పొద్దున నేను క్లాసుకు తయారవుతుంటే వంటింట్లో పెద్ద చప్పుడు. వెళ్ళి చూస్తే నేల మీద పడి ఉంది. పాలగిన్నె బోర్లాపడి, పాలు ఆవిడ జుట్టు దాకా పారాయి. తల తిరిగిందట. ఆసుపత్రిలో రక్తపోటు చూసి డాక్టరు మందుల గురించి అడిగితే, ఆవిడ ఎంతో నమ్మకంగా నా వైపు చూపించి, కొడుకు వద్దన్నాడని చెప్పింది. నాకు అప్పుడు, ఆ బల్ల పక్కన నిలబడి ఉండగా, ఆ వాక్యం మొత్తం వినిపించింది. దెహె దె. కాళ్ళ కింద నేల లేదు.

కుడి మణికట్టు విరిగింది, దేవుడి దయ వల్ల అంతటితో పోయింది. కొడుకు వచ్చాడు. నేను ఏడుస్తూ ఒప్పుకున్నాను. ఆయన అరవలేదు, నాతో మాట్లాడనూ లేదు. అరిచి ఉంటే తేలికగా ఉండేది. ఆవిడ ఇంటికి వచ్చాక నేను పెట్టె సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది. ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి, కట్టు కట్టిన చేత్తో పెన్ను పట్టలేక ఎడమ చేత్తో, వంకరటింకర అక్షరాలతో కొత్త కాగితం రాసి అదే అయస్కాంతం కింద పెట్టింది: ‘నో దెహార్ దె తొమార్ లా పస్తియ్యా బ్లాంకా.’ దెహార్ దె కింద రెండు గీతలు గీసింది. ‘ఇప్పుడు పైకి చదువు’ అంది. చదివాను. ‘మళ్ళీ’ అంది. మళ్ళీ చదివాను. ఆ తర్వాత నేను అక్కడ ఉన్న ఆరు నెలలూ రోజూ రాత్రి ఆ మాత్ర నేనే తీసి ఇచ్చాను. నేను వచ్చేసేటప్పుడు ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా బీరువాలో, మా పెళ్ళి ఫోటో వెనక ఉంది.

అందుకే అమ్మలూ, ఆర్ ఎర్ ఇర్ సంగతి ఎలా ఉన్నా, వాటి ముందుండే చిన్న మాటలను మాత్రం వదలకు. ‘దెహార్’ ఒక్కటే వస్తే చేయనివ్వడం, ‘దె’ చేరితే మానేయడం. ‘అకాబో దె కొమేర్’ అంటే తినడం ముగించానని కాదు, ఇప్పుడే తిన్నానని. నువ్వుండే ఇంటి పెద్దావిడ తన మాత్ర గురించి ‘అకాబో దె తొమార్లా’ అంటే ఇప్పుడే వేసుకుందన్న మాట, అప్పుడు ఇంకొకటి చేతిలో పెట్టకు. ‘బోల్బెర్ ఆ’ మనకు సులువు. బోల్బెర్ అంటే తిరిగి రావడం. ‘బోల్బెర్ ఆ యమార్’ అంటే తిరిగి పిలవడం, తిరిగి ఫోను చేయడం. వాళ్ళూ మనలాగే ‘తిరిగి’ అన్న మాటతోనే ‘మళ్ళీ’ అంటారు. దీన్ని మొదటిసారి గమనించిన రోజు నాకు ఆ దేశంలో చుట్టం దొరికినట్టు అనిపించింది.

‘కియెరో’ (కావాలి), ‘పుయెదో’ (చేయగలను), ‘నెసెసీతో’ (అవసరం)ల పక్కన మాత్రం ఏ చిన్న మాటా పెట్టకు. ‘కియెరో ఆ ఇర్’ అని నువ్వు వాట్సాప్‌లో రాసిన వాక్యం చూశాను. అది ఇంగ్లీషు టు, దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళు. నీ మాటను దిద్ది కోప్పడుతున్నానని అనుకోకు. నువ్వు రాసిన మిగతా పేరా అంతా ఎంత బాగుందో రెండు సార్లు చదివాను.

ఫోనులో అర్థం కాకపోతే అడుగు. రెండో సారీ అర్థం కాకపోతే మూడో సారీ అడుగు. ‘పుయెదె రెపెతీర్?’, మళ్ళీ చెప్తారా, అంటే చాలు. పుయెదె పక్కన ఏ చిన్న మాటా లేదు, చూశావా? మందుల మాట అయితే నువ్వు విన్నది నీ మాటల్లో వాళ్ళకు తిరిగి చెప్పి, అవునని అనిపించుకున్నాకే ఫోను పెట్టు. కాగితం మీద రాసినా ఆవిడ చేత పైకి చదివించు. ఎవరేమనుకుంటారోనని సిగ్గుపడవద్దు. ఆ సిగ్గు విలువ ఎంతో నాకు తెలుసు.

గోంగూర పచ్చడి నేను పెట్టి పంపిస్తాను, మీ అమ్మను శ్రమ పడవద్దని చెప్పు. అక్కడి పెద్దావిడకు కారం వద్దు, ముందు అన్నంలో నెయ్యి వేసి చిటికెడు రుచి చూపించు. ఆవిడ ఏయే మందులు వేసుకుంటుందో తెలిశాక నాకు రాయి, ఇద్దరం కలిసి చదువుదాం.

అల్ యెగార్, యామమె. చేరగానే ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ