క్యాసెట్ స్లాట్ చుట్టూ: పాత టీవీ గేముల మీద మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం టీవీకి తగిలించి ఆడుకునే పాత వీడియో గేముల గురించే. మన దుకాణాల్లో కార్ట్రిడ్జ్‌ని క్యాసెట్ అనే అడుగుతారు కాబట్టి ఇక్కడా అదే మాట వాడాం.

ప్ర: ఇంట్లో ఆడుకునే మొదటి వీడియో గేమ్ అటారీదేనని మా తమ్ముడితో పందెం వేశాను. గెలుస్తానా? (ఏలూరు)

జ: ఓడిపోయారు. మొదటిది ఒడిస్సీ. 1972 సెప్టెంబరులో అమెరికాలో మాగ్నవాక్స్ కంపెనీ అమ్మకానికి పెట్టింది. సాండర్స్ అసోసియేట్స్‌లో ఇంజనీరుగా ఉన్న రాల్ఫ్ బేర్ 1960ల చివర్లో చేసిన నమూనా నుంచి పుట్టింది. అందులో ప్రాసెసర్ లేదు, శబ్దం లేదు, రంగు లేదు. తెర మీద మూడు తెల్ల చుక్కలు, ఒక నిలువు గీత, అంతే. మైదానమో భూతాల కొంపో కావాలంటే రంగుల ప్లాస్టిక్ షీటును టీవీ అద్దానికి అంటించుకోవాలి. స్కోరు కాగితం మీద వేసుకోవాలి.

దానికీ కార్డులుండేవి గానీ వాటిలో ఆట ఉండేది కాదు. డబ్బాలోని ఏ సర్క్యూట్ దేనితో కలవాలో చెప్పే జంపర్లు మాత్రమే ఉండేవి. ఆట నిజంగా డబ్బా నుంచి బయటికొచ్చింది 1976 నవంబరులో, ఫెయిర్‌చైల్డ్ కంపెనీ ఛానెల్ ఎఫ్ అనే సెట్‌తో. జెర్రీ లాసన్ నడిపిన బృందం ఆట రాసి ఉన్న రోమ్ చిప్‌ను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, పిల్లలు వందలసార్లు తీసి పెట్టినా కాంటాక్టులు అరగకుండా, స్టాటిక్ కరెంటుకు చిప్ చావకుండా కనెక్టర్ తయారు చేసింది. వ్యాపారం స్వరూపాన్ని మార్చింది ఆ కనెక్టరే: డబ్బా ఒక్కసారి కొంటారు, క్యాసెట్లు కొంటూనే ఉంటారు. 1977లో వచ్చిన అటారీ వీసీఎస్ ఆ లెక్కను అమెరికా అంతటికీ అలవాటు చేసింది. తర్వాత దానికే 2600 అని పేరు పెట్టారు.

ప్ర: గేమ్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. అటారీ 2600లో 128 బైట్ల ర్యామే ఉండేదట. ఒక్క బొమ్మకే చాలదు కదా, ఆట ఎలా నడిచేది? (హైదరాబాద్)

జ: బొమ్మను ఎక్కడా దాచుకోదు, అదే కిటుకు. ఈరోజు తెర మీద కనిపించే ప్రతి చుక్కకూ మెమరీలో చోటుంటుంది. 2600లో ఆ ఏర్పాటే లేదు. టీవీలో ఎలక్ట్రాన్ కిరణం గీత గీస్తున్నంతసేపూ, ఆ గీతకు కావలసిన వివరాలను ప్రోగ్రాం అప్పటికప్పుడు టీఐఏ అనే చిప్‌కు అందిస్తూ ఉండాలి.

లెక్క చూడండి. అమెరికా టీవీలో ఫ్రేముకు 262 గీతలు. ఒక్కో గీతకు ప్రాసెసర్‌కు దొరికేది 76 సైకిళ్లు (ప్రాసెసర్ పనిలో ఒక్క అడుగుకు పట్టే సమయమే సైకిల్). ఒక విలువను లోడ్ చేయడానికి 2, టీఐఏ రిజిస్టర్‌లో రాయడానికి 3, మొత్తం 5 సైకిళ్లు. అంటే గీత మొత్తం మీద అలాంటి జతలు 15 పడతాయి, ఆ తర్వాత ఒకే ఒక్క సైకిల్ మిగులుతుంది. పైగా ప్రతి సైకిల్‌కూ కిరణం 3 చుక్కలు ముందుకు జరుగుతుంది. మీరు ఒక జత రాసేలోపు అది 15 చుక్కలు దాటిపోతుంది. తెర వెడల్పే 160 చుక్కలు!

చిప్ ఇచ్చే సామగ్రి రెండు ఆటగాళ్ల బొమ్మలు, రెండు క్షిపణులు, ఒక బంతి, 20 బిట్ల నేపథ్యం. బొమ్మ వెడల్పు 8 బిట్లే. ఆ 20 బిట్లు సగం తెరకే సరిపోతాయి, రెండో సగంలో అవే మళ్లీ వస్తాయి లేదా అద్దంలోలా తిరగబడి వస్తాయి. ఆనాటి ఆటల్లో గోడలు ఎడమా కుడీ ఒకేలా ఉండేది అందుకే, బద్ధకం వల్ల కాదు. స్కోరు లెక్క, ఢీకొన్నాక ఏం జరగాలి లాంటి ఆలోచనంతా బొమ్మ కనిపించని 70 గీతల సమయంలోనే ముగించాలి. అంటే 5,320 సైకిళ్లు.

కొత్తవాళ్లకు ఎదురయ్యే తప్పు సాధారణంగా ఒకటే. గీత ముగిసేదాకా ప్రాసెసర్‌ను ఆపి ఉంచే ఆదేశం డబ్ల్యూసింక్. గీత పని 76 దాటితే దాని దగ్గర ప్రాసెసర్ తర్వాతి గీత చివరిదాకా ఆగిపోతుంది. అప్పుడు ఫ్రేములో గీతలు 262 కన్నా పెరిగి టీవీలో బొమ్మ పైకీ కిందికీ దొర్లుతుంది. డాస్మ్ అసెంబ్లర్‌తో రాసి, కంప్యూటర్‌లోనే 2600లా పనిచేసే స్టెల్లా ఎమ్యులేటర్‌లో నడపండి, అందులో ఫ్రేముకు ఎన్ని గీతలో కనిపిస్తుంది. ముందు ఆ అంకె కదలకుండా నిలబెట్టండి, బొమ్మల సంగతి తర్వాత.

ప్ర: ఈటీ అనే ఒక్క చెత్త ఆట వల్ల అమెరికాలో వీడియో గేముల పరిశ్రమ కూలిపోయిందంటారు. నిజమేనా? (కరీంనగర్)

జ: ఒక్క ఆట మీద నేరం మోపడం తేలిక. అటారీ ప్రోగ్రామర్ హోవార్డ్ స్కాట్ వార్షా దాన్ని 2600 కోసం 1982లో ఐదు వారాల్లో రాశాడు. అమ్ముడుపోని సరుకును న్యూ మెక్సికోలోని అలమొగార్డోలో పూడ్చారు, 2014లో తవ్వితే బయటపడింది కూడా. అయితే ఆ గుంతలో ఈటీ ఒక్కటే లేదు, అటారీ ఇతర ఆటలూ ఉన్నాయి.

అసలు కారణం 2600 స్లాట్‌కు తాళం లేకపోవడం. పేరూ వాటా ఇవ్వడం లేదని అటారీ నుంచి బయటికొచ్చిన ప్రోగ్రామర్లు డేవిడ్ క్రేన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కాప్లన్ 1979లో జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. సొంత డబ్బా లేకుండా మరొకరి డబ్బాకు ఆటలు చేసే వ్యాపారం అక్కడ మొదలైంది. అటారీ కోర్టుకెక్కింది, 1982లో రాజీ పడింది. ఆ తర్వాత ఎవరైనా దిగొచ్చని తేలింది. ఓట్స్ అమ్మే క్వేకర్ కంపెనీకి కూడా ఒక గేముల విభాగం ఉండేదంటే పరిస్థితి ఊహించుకోండి. యాక్టివిజన్ వాళ్ల పిట్‌ఫాల్‌కూ ఊరూపేరూ లేని ఆటకూ దుకాణంలో ఒకే అర. చివరికి మిగిలిన సరుకు 5 డాలర్ల బుట్టలోకి చేరాక, 30 డాలర్లు పెట్టి మంచి ఆట కొనేవాడెవడు? దానికి తోడు 1983లో కమొడోర్ 64 కంప్యూటర్ ధర బాగా తగ్గింది. ఏడాదికి దాదాపు 320 కోట్ల డాలర్లున్న అమెరికా అమ్మకాలు 1985 నాటికి 10 కోట్లకు పడిపోయాయని లెక్క చెబుతారు.

ప్ర: మన ఊళ్లలో అమ్మిన సెట్ల మీద నింటెండో పేరు ఉండేది కాదు, కానీ మారియో, కాంట్రా అన్నీ ఆడేవి. ఎలా? అవే ఆటలు యూట్యూబ్‌లో వేగంగా కనిపిస్తాయెందుకు? (రాజమహేంద్రవరం)

జ: నింటెండో 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్‌ను విడుదల చేసింది. దాని స్లాట్ 60 పిన్నులది, తాళం చిప్ లేదు. అదే యంత్రాన్ని 1985లో అమెరికాకు ఎన్ఈఎస్ పేరుతో తెచ్చినప్పుడు, అటారీకి పట్టిన గతి చూశారు కాబట్టి, స్లాట్‌ను 72 పిన్నులకు మార్చి డబ్బాలో ఒక చిప్, ప్రతి క్యాసెట్‌లో దాని జత చిప్ పెట్టారు. రెండూ ఒకే వరసలో సంకేతాలు పలకకపోతే డబ్బా రీసెట్ అవుతూనే ఉంటుంది. ఇక బయటి కంపెనీకి ఏడాదికి 5 ఆటలే అనుమతి, ఆ ఆట రెండేళ్లు మరో డబ్బాకు ఇవ్వకూడదు, క్యాసెట్లు నింటెండోయే తయారు చేస్తుంది. ప్లేస్టేషన్‌లోనూ ఎక్స్‌బాక్స్‌లోనూ కంపెనీ ఆమోదం లేని ఆట నడవకపోవడం ఆ పద్ధతికి కొనసాగింపే.

ఆసియాలో నకలు సెట్లు తయారుచేసినవాళ్లు తాళం లేని జపాన్ రకాన్ని పట్టుకున్నారు. మన దగ్గరికొచ్చినవీ అవే. తర్వాతి సెట్లు విప్పి చూస్తే చిప్పుల బదులు నల్లటి జిగురు బొట్టు ఒకటి కనిపిస్తుంది, యంత్రమంతా దాని కిందే. 9999 ఆటలు అని రాసిన క్యాసెట్‌లో ఉండేవి పదో ఇరవయ్యో, మిగతావి అవే ఆటలు వేరే లెవెల్ నుంచి మొదలయ్యేవి.

వేగం సంగతి: జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 ఫ్రేములవి, మనవి 50. ఆట ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి మన మారియో ఆరింట ఐదు వంతుల వేగంతోనే పరిగెత్తాడు. పాట కూడా అంతే నిదానం, కానీ శ్రుతి దాదాపు మారలేదు, ఎందుకంటే యూఎంసీ కంపెనీ చిప్పులున్న నకలు సెట్లలో ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్ బదులు 1.77. నింటెండో సొంత యూరప్ సెట్‌లో అది 1.66, అందులో శ్రుతీ తగ్గింది. ఈ ఒక్క విషయంలో నకలే మేలు!

ప్ర: అమెరికా నుంచి అన్నయ్య అసలు ఎన్ఈఎస్ తెచ్చాడు. ఆన్ చేస్తే ఎర్ర లైటు ఆగి ఆగి వెలుగుతోంది. (అనంతపురం)

జ: లైటు వెలిగిందంటే కరెంటు సరిగ్గానే అందుతోంది. అయినా ముందు జాగ్రత్త: అమెరికా అడాప్టర్ 120 వోల్టులది, మన 230కి నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. లేదా 9 వోల్టులు, 1 ఆంపియర్‌కు తగ్గని డీసీ అడాప్టర్ పెట్టండి, లోపల బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంది కాబట్టి ప్లస్ మైనస్ ఎటున్నా ఫర్వాలేదు. ఫ్యామికామ్ రకం సెట్లకు ఈ వెసులుబాటు లేదు, అక్కడ తిరగేస్తే సెట్ పాడవుతుంది.

లైటు ఆరి వెలగడం పైన చెప్పిన తాళం పనే. కాంటాక్టు అందక జత చిప్ పలకడం లేదు. క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి, ఉమ్మి తడికి రాగి మరింత చెడుతుంది. 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు అద్ది, పుల్ల తెల్లగా వచ్చేదాకా క్యాసెట్ పిన్నులు తుడవండి. అప్పటికీ కాకపోతే డబ్బా అడుగున 6 స్క్రూలు విప్పి, లోపలి రేకు కవరు తీసి, 72 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు అంచు నుంచి లాగి అదే విధంగా శుభ్రం చేయండి. కొత్త కనెక్టర్లు దొరుకుతాయి గానీ చాలావి క్యాసెట్‌ను ఊడిరానంత గట్టిగా పట్టేస్తాయి, అది ఆఖరి దారిగా ఉంచుకోండి.

టీవీకి యాంటెన్నా వైరుతో కలిపితే బొమ్మ వచ్చినా మాట రాకపోవచ్చు. అమెరికా పద్ధతిలో శబ్దం 4.5 మెగాహెర్ట్జ్ దగ్గర, మన పద్ధతిలో 5.5 దగ్గర. డబ్బా కుడి పక్కనున్న పసుపు, ఎరుపు సాకెట్ల నుంచి ఆడియో-వీడియో (ఏవీ) వైరు వేయండి. ఎరుపు చివరను టీవీ తెల్ల సాకెట్‌లో పెట్టాలి.

ప్ర: బాతుల ఆట గన్ ఎల్ఈడీ టీవీలో ఒక్కటీ కొట్టడం లేదు. గన్ పోయిందా? (వరంగల్)

జ: గన్ బాగానే ఉండొచ్చు, టీవీ వల్లే. ట్రిగ్గర్ నొక్కగానే ఒక ఫ్రేము తెర నల్లబడుతుంది, తర్వాతి ఫ్రేములో బాతు ఉన్నచోట తెల్ల చదరం వస్తుంది. ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తేనే గన్ తగిలిందంటుంది. బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా ఆ నల్ల ఫ్రేము. కొత్త టీవీ బొమ్మను సర్దుకుని చూపించేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది, ఆట అప్పటికే తప్పిందని లెక్కేసుకుంటుంది. సెట్టింగులు ఎంత మార్చినా ఇది కుదరదు. పాత డబ్బా టీవీ ఎక్కడైనా ఉంటే దానికి తగిలించి చూడండి. అందులోనూ కొట్టకపోతే గన్ విప్పి, గొట్టంలోని కటకం మీద దుమ్ము తుడవండి.